మూడో రోజు ఎవరు చూస్తారు?

పోయిన వారం మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజ్ వచ్చింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు, ఏ జబ్బూ లేనివాడు, గొంతు నొప్పితో మొదలై పది రోజుల్లో పోయాడట. కింద ఎర్ర అక్షరాల్లో సలహా: గొంతు పట్టిందంటే ఆలస్యం చేయకుండా యాంటీబయోటిక్ మొదలుపెట్టండి, పదిమందికీ పంపండి. మా పెద్దమ్మ కూతురు వెంటనే తన కొడుకు హాస్టల్ బ్యాగులో అజిత్రోమైసిన్ స్ట్రిప్పు ఒకటి పెట్టేశానని రాసింది. నేను ల్యాబ్‌లో మైక్రోబయాలజీ సెక్షన్‌లో టెక్నీషియన్‌నని అందరికీ తెలుసు కాబట్టి, ఇది నిజమేనా అని నన్నడిగారు.

ఆ కుర్రాడి సంగతి అటుంచితే, అలాంటి జబ్బు ఉన్నమాట నిజం. ఒకటి కాదు, రెండు మూడు ఉన్నాయి. ఆ మెసేజ్‌లో భయం సబబే, సలహానే తప్పు. ఇది గ్రూపులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేననేది ఇదీ. గాలి సోకని చోట పెరిగే బ్యాక్టీరియా, అంటే అనెరోబ్స్, వయసులో ఉన్నవాళ్ల మీద పడినప్పుడు ప్రాణం మీదికి తెచ్చేది మొదటి రోజు గోలీ వేసుకోకపోవడం కాదు. మూడో రోజో ఐదో రోజో ఆ మనిషిని మళ్లీ ఎవరూ చూడకపోవడం. కుర్రాడేగా, అదే తగ్గుతుందిలే అన్న మన ధీమా ఆ జబ్బుకి కావలసినంత టైమిస్తోంది. హైదరాబాద్ లాంటి ఊళ్లో, ఇల్లు వదిలి హాస్టళ్లలో ఉండే పిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ.

గొంతు తగ్గాక వచ్చే జ్వరం

1936లో ఆంద్రే లెమియేర్ అనే ఫ్రెంచి డాక్టరు లాన్సెట్ పత్రికలో 20 మంది రోగుల గురించి రాశాడు. వాళ్లలో 18 మంది చనిపోయారు. ఆయన పేరుతోనే లెమియేర్ సిండ్రోమ్ అంటున్న ఈ జబ్బు ఎక్కువగా కుర్ర వయసు వాళ్లకే వస్తుంది. నడిచే తీరు మోసపూరితంగా ఉంటుంది. ముందు మామూలు గొంతు నొప్పి. కొన్నాళ్లకి కాస్త సర్దుకున్నట్టే ఉంటుంది. అప్పుడు ఒక్కసారిగా పళ్లు కొట్టుకునేంత చలిజ్వరం. మెడకి ఒక పక్కన, దవడ కిందినుంచి కిందికి, నొప్పి. ఆ తర్వాత ఛాతీలో పోటు, ఆయాసం. ఫ్యూసోబ్యాక్టీరియం నెక్రోఫోరం అనే అనెరోబ్ టాన్సిల్ దగ్గర తిష్ఠవేసి, పక్కనే మెడలో ఉన్న జుగులర్ సిరలోకి దిగి, రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. చీము పట్టిన ఆ గడ్డల ముక్కలు విడిపోయి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ దశలో గొంతు చూస్తే పెద్దగా ఏమీ కనబడకపోవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లినవాడు కూడా "జ్వరం, దగ్గు" అనే చెబుతాడు, వారం కిందటి గొంతు నొప్పి గుర్తుచేసుకుని చెప్పడు.

పెన్సిలిన్ వచ్చాక ఇది ఎంత తగ్గిపోయిందంటే, డాక్టర్లే దీన్ని మరచిపోయిన జబ్బు అనడం మొదలుపెట్టారు. డెన్మార్క్‌లో 1998 నుంచి 2001 దాకా దేశమంతటా లెక్క తీస్తే ఏడాదికి పది లక్షల మందిలో సుమారు 3.6 కేసులు తేలాయి. అదే 15 నుంచి 24 ఏళ్ల వాళ్లలో చూస్తే 14.4. జబ్బు పడ్డవాళ్లలో దాదాపు 9 శాతం మంది చనిపోయారు. అరుదే. కానీ ఎవరికి అరుదు, ఎవరికి కాస్త తక్కువ అరుదు అన్నది ఆ రెండు అంకెల్లో ఉంది.

ఇక బ్యాగులో పెట్టిన ఆ స్ట్రిప్పు సంగతి. ఈ ఫ్యూసోబ్యాక్టీరియం మీద అజిత్రోమైసిన్ జాతి మందుల్ని నమ్ముకోవడానికి లేదు. పెన్సిలిన్ జాతివి, మెట్రోనిడజోల్, క్లిండమైసిన్ లాంటివి పనిచేస్తాయి. మన మెడికల్ షాపుల్లో గొంతు అనగానే చేతికొచ్చేదేమో అజిత్రో. మూడు రోజులు మూడు గోలీలు, పని అయిపోయింది. అంటే ఆ మెసేజ్ భయపెడుతున్న జబ్బుకి, ఆ మెసేజ్ చూసి మనవాళ్లు కొనే మందుకి పొంతన లేదు.

పోనీ సరైన మందే అందరికీ ఇచ్చేస్తేనో? 2015లో అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం వాళ్లు గొంతు నొప్పితో వచ్చిన విద్యార్థుల్ని పరీక్షిస్తే దాదాపు 20 శాతం మందిలో ఈ బ్యాక్టీరియా కనిపించింది. ఏ నొప్పీ లేని విద్యార్థుల గొంతుల్లోనూ 9 శాతానికి పైగా కనిపించింది. అది ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. ఉన్న ప్రతివాడికీ మందు పోయాలంటే ఊళ్లో కాలేజీలన్నిటికీ పోయాలి. అందులో ఒకరిద్దరికి పెన్సిలిన్ పడక ప్రాణం మీదికి వస్తే దానికెవరు జవాబు? బ్రిటన్‌లో 1990ల చివర లెమియేర్ కేసులు పెరుగుతున్నట్టు కనబడినప్పుడు, గొంతు నొప్పికి యాంటీబయోటిక్స్ రాయడం తగ్గించినందువల్లేనా అని అక్కడి డాక్టర్లలో గట్టి చర్చే జరిగింది. ఆ అనుమానాన్ని నేను కొట్టిపారేయను. కానీ మన దగ్గర పరిస్థితి తిరగబడి ఉంది. ఇక్కడ యాంటీబయోటిక్‌కి కొరత ఎప్పుడూ లేదు, చీటీ లేకుండానే దొరుకుతుంది. కొరత అంతా చూసే కళ్లకే.

మా అక్క కొడుకు పన్ను

లెమియేర్ గురించి ఇంత రాశాను గానీ, మన ఊళ్లో ఇంతకన్నా ఎక్కువగా కనిపించేది పంటి నుంచి వచ్చేది. దాని పేరు లుడ్విగ్స్ యాంజైనా. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు వర్ణించాడు. పేరులో యాంజైనా ఉన్నా గుండెతో సంబంధం లేదు. కింది దవడలో చివరి రెండు పళ్ల వేళ్లు లోతుగా దిగి ఉంటాయి. అక్కడ చీము పడితే అది చిగురులోకి కాకుండా దవడ కింద, నాలుక కింద ఖాళీల్లోకి జారుతుంది. జ్ఞానదంతం సగం వచ్చి సగం ఆగి, చిగురు కింద తిండి ఇరుక్కుని వాచేది సరిగ్గా ఈ కుర్ర వయసులోనే. యాంటీబయోటిక్స్ రాకముందు ఇది పట్టినవాళ్లలో సగానికి పైగా చనిపోయేవారు, ముఖ్యంగా ఊపిరాడక.

మా అక్క వాళ్లది సూర్యాపేట వైపు. వాడు గ్రూప్స్‌కి చదువుతూ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండేవాడు. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీ, మధ్యాహ్నం కోచింగ్, రాత్రి మళ్లీ పుస్తకం. పన్ను నొప్పి మొదలైతే పక్క సందులో మెడికల్ షాపుకి వెళ్లి చెప్పాడు. వాపుకి ఒకటి, నొప్పికి ఒకటి, అజిత్రో ఒకటి. నొప్పి తగ్గింది, తగ్గింది కాబట్టి చదువు సాగింది. నొప్పి గోలీ చేసే పని అదే: జ్వరాన్నీ నొప్పినీ మూసిపెడుతుంది, కింద చీము తన పని తాను చేసుకుపోతుంది. ఊళ్లో ఉన్న నానమ్మ ఫోన్లో సంగతి విని అవి గవద బిళ్లలేనని తేల్చేసింది, మెడలో బంగారు గొలుసు వేసుకోమంది. వాపున్నప్పుడు పన్ను ముట్టుకోనియ్యకు, పీకితే చూపు పోతుంది అని కూడా చెప్పింది. బిడ్డ మీద ప్రేమే, ఆమెనేమీ అనను.

నేను మాట్లాడిన రోజు వాడు ఫోన్లో, "ఏం గాలే చిన్నమ్మా, గోలీలు వేసుకుంటున్న, తగ్గుతది" అన్నాడు. మాట మాత్రం నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. నోరు ఎంత తెరుచుకుంటోందిరా అంటే ఒక వేలు పడుతోందన్నాడు. ఫోన్ రూమ్మేట్‌కి ఇవ్వమన్నాను. మహబూబ్‌నగర్ పిల్లాడు. వాడికి అప్పటికే గాభరాగా ఉంది, ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాడు. "రాత్రంతా కూసొనే ఉన్నడు ఆంటీ. పండుకుంటే దమ్ము వస్తలేదంటున్నడు. తువ్వాల మొత్తం సొల్లుతోటి తడిసింది" అన్నాడు.

ఈ మూడు ముక్కల్లో జబ్బంతా ఉంది. ఉమ్మి మింగలేకపోవడం, వెల్లకిలా పడుకోలేకపోవడం, గొంతు మారడం. దవడ కింద రెండు పక్కలా వాపు చెక్కలా గట్టిగా ఉందట, నాలుక పైకి లేచిందట. ఆటో ఎక్కించి నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నాను. నేను వెళ్లేసరికి మత్తు డాక్టరు, సర్జను ఇద్దరూ వాడి నోరు చూస్తూ నిలబడ్డారు. గొట్టం లోపలికి పోకపోతే గొంతు కింద కోసి దారి చేయాలని ఆ సామాను పక్కన టేబుల్ మీద పరిచి పెట్టుకున్నారు. ఆ అవసరం పడలేదు. దవడ కింద కోసి చీము తీసి, డ్రెయిన్ పెట్టి, ఆ పన్ను పీకేశారు. ఐసీయూ నుంచి వార్డుకి, వార్డు నుంచి ఇంటికి. ఇప్పుడు దవడ కింద చిన్న గీత ఉంది, గడ్డం పెంచుకుని కప్పేస్తున్నాడు.

వాడు మూడు రకాల గోలీలు వేసుకున్నాడు కదా, మరి ఎందుకు ముదిరింది? చీము ఒక సంచిలా కట్టాక అందులోకి రక్తం పోదు, రక్తం పోని చోటికి మందూ పోదు. ఆక్సిజన్ లేని ఆ చోటే అనెరోబ్స్‌కి హాయి. అందుకే ఇలాంటి వాటికి అసలు వైద్యం కత్తి. మందు దానికి తోడు మాత్రమే. పీకాల్సిన పన్ను నోట్లో ఉంచుకుని మందు మార్చి మార్చి మింగడం వల్ల లాభపడేది చీమే.

మందుల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. మన ఇళ్లల్లో విరేచనాల గోలీగా తెలిసిన మెట్రోనిడజోల్ ఈ బ్యాక్టీరియా మీద పనిచేస్తుందని 1962లో తేలింది, అదీ అనుకోకుండా. ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి ఇన్ఫెక్షన్‌కి ఆ మందు వాడుతున్న ఒకావిడకి నోట్లో చిగుళ్ల జబ్బు కూడా తగ్గిపోయింది. అది గమనించినవాళ్లు వదిలిపెట్టకుండా ఆరా తీశారు. ఇక్కడా పనికొచ్చింది మళ్లీ చూడడమే.

నో గ్రోత్

ఇది నా సొంత దుకాణం గొడవ, కాస్త ఓపిక పట్టండి.

మా దగ్గరికి చీము సాంపిల్ వస్తుంది. మూత తీస్తే పక్క టేబుల్ అమ్మాయి కూడా ముక్కు మూసుకుంటుంది. ఆ వాసనే సగం రిపోర్టు, అనెరోబ్స్ ఉన్నాయని అది చెబుతోంది. స్లైడు మీద పూసి గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేస్తే సన్నటి గులాబీ రంగు కడ్డీలు కుప్పలుగా కనబడతాయి. ప్లేట్ల మీద వేసి ఇంక్యుబేటర్లో పెడతాం. రెండో రోజు చూస్తే ప్లేట్లు శుభ్రంగా ఉంటాయి. రిపోర్టులో "నో గ్రోత్" అని వెళ్లిపోతుంది. వార్డులో దాన్ని చూసినవాళ్లకి బ్యాక్టీరియా లేదన్నట్టు అర్థమవుతుంది. నిజానికి అది గాలిలో పెరగలేదని మాత్రమే అర్థం.

వీటిని పెంచాలంటే గాలి తీసేసిన జార్ కావాలి, కనీసం 48 గంటలు దాని మూత తెరవకూడదు. అంతకన్నా ముందు సాంపిల్ సరిగా రావాలి. దూది పుల్లతో అద్ది పంపిస్తే దారిలోనే చచ్చిపోతాయి. సిరంజిలోకి చీము లాగి, గాలి బుడగ తీసేసి, వెంటనే పంపాలి, లేదా ఉడికించిన మాంసం ముక్కలున్న ఆర్‌సీఎం ట్యూబులో వేసి పంపాలి. మాకు వచ్చేవి ఎక్కువగా దూది పుల్లలే. రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే బ్లడ్ కల్చర్‌కి కూడా అనెరోబిక్ సీసా విడిగా ఉంటుంది, ఖర్చు అని దాన్ని వదిలేసి ఏరోబిక్ సీసా ఒక్కటే పంపుతారు. ఎవర్నీ తప్పుపట్టలేం. జార్ పెట్టడానికి మనిషి కావాలి, రోజులు కావాలి, పేషెంటు బిల్లు పెరుగుతుంది, అప్పటికి డాక్టరు ఎలాగూ మెట్రోనిడజోల్ మొదలుపెట్టేసి ఉంటాడు.

అయినా ఒక్క లైను అడుగుతున్నాను. "అనెరోబిక్ కల్చర్ చేయలేదు" అని రిపోర్టు కింద రాస్తే సిరా ఖర్చు తప్ప ఏముంది? నేను పనిచేసే చోట ఇది రాయించడానికి చాలా మాటలు పడాల్సి వచ్చింది. రాస్తే మన దగ్గర సౌకర్యం లేదని తెలిసిపోతుంది అన్నది అభ్యంతరం. తెలియాలనే కదా రాయడం.

డాక్టరమ్మ ఏమందంటే

ఇదంతా నాకు బాగా తెలిసిన ఒక ఈఎన్‌టీ డాక్టర్ ముందు పెట్టాను. ఆవిడ ఒప్పుకోలేదు. మీలాంటివాళ్లు రాసేది చదివి ప్రతి గొంతు నొప్పికీ మెడ స్కానింగ్ అడిగితే నా ఓపీ ఏమవుతుంది అంది. వానాకాలంలో ఈ ఊళ్లో జ్వరం అంటే ముందు డెంగీ, తర్వాత టైఫాయిడ్, ఆ తర్వాత మిగతావి. లెమియేర్ కేసు ఒక డాక్టరు జీవితంలో ఒకటి చూస్తే గొప్ప. దాని కోసం జనాన్ని హడలెత్తించడం న్యాయమా?

ఆవిడ మాటలో బలముంది. గొంతు నొప్పుల్లో అత్యధికం వైరస్‌వే, వాటంతట అవే తగ్గుతాయి, వాటికి గోలీ కూడా అక్కర్లేదు. కానీ నేనడిగేది మొదటి రోజు స్కానింగ్ కాదు. తగ్గుముఖం పట్టాల్సిన టైములో ఎదురు తిరిగినవాణ్ణి మళ్లీ చూడమంటున్నాను. అలాంటివాళ్లు తక్కువ, ఓపీ మునిగిపోదు. "తగ్గకపోతే రండి" అని డాక్టర్లు చెప్పే మాట ఎవరి చెవికీ ఎక్కదు. తగ్గకపోవడం అంటే ఏమిటో విడమరిచి చెప్పాలి. చలితో వణుకు, మెడకి ఒక పక్కనే నొప్పి, నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకోవడం, ఉమ్మి మింగలేకపోవడం, పడుకుంటే ఊపిరాడకపోవడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. ఈ మాట చీటీ మీద రాసివ్వడానికి అర నిమిషం చాలు. దీనికి మాత్రం ఆవిడ సరేనంది, అయితే చీటీ ఎవరు చదువుతారు అని కూడా అంది.

చదువుతారనే నా నమ్మకం, ఎందుకంటే ఒక అనెరోబ్ విషయంలో మనం ఇప్పటికే చాలా బాగా నేర్చుకున్నాం. మేకు గుచ్చుకుంటే టీటీ. చదువుకోనివాళ్లకి కూడా తెలుసు. మట్టిలో ఉండి ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రీడియం టెటని గురించి ఎవరికీ తెలియదు, కానీ సూదికి పోవాలని తెలుసు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ధనుర్వాతం కేసుల్ని చూసిన తరాల భయం అలా జనంలోకి దిగింది. ధనుర్వాతంలో బిగుసుకునే దవడ గురించి అంత తెలిసిన మనం, పన్ను వాచి దవడ బిగుసుకుంటే మాత్రం లవంగం పెట్టుకుని పడుకుంటున్నాం.

వయసు చేసే మోసం

వయసులో ఉన్నవాళ్ల ఒళ్లు చాలాసేపు తట్టుకుంటుంది. గుండె వేగం పెంచుకుని, రక్తనాళాలు బిగించుకుని బీపీని నిలబెడుతుంది. అందుకే లోపల ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినా పిల్లాడు లేచి కూర్చుని ఫోన్ చూసుకుంటూనే ఉంటాడు. పడిపోయినప్పుడు మాత్రం ఒక్కసారిగా పడిపోతాడు. అరవై ఏళ్లాయనకి జ్వరం వస్తే ఇంట్లో ముగ్గురు లేచి కూర్చుంటారు, ఇరవై రెండేళ్లవాడికి వస్తే డోలో పంపిస్తారు. ఇంట్లోనే ఉంటే అమ్మ కంచంలో మిగిలిన అన్నం చూసి కనిపెడుతుంది. అశోక్‌నగర్, అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ హాస్టళ్లలో ఆ చూపు ఉండదు. బస్తీ దవాఖానాలు ఉన్నాయి, ఉచితమే, కానీ అవి పగటి పూటవి. పగలు వీళ్లు క్లాసులో ఉంటారు. అందుకే రాత్రి పదింటికి తెరిచి ఉండే మెడికల్ షాపే వీళ్లకి ఆసుపత్రి.

రూమ్మేట్లు ఉంటారుగా అంటారు. ఉంటారు. మావాడి రూమ్మేట్ చూశాడు కూడా. కానీ ఇరవై రెండేళ్లవాడికి ఇరవై రెండేళ్లవాడి మీద అధికారం ఏముంటుంది? "పోదాం పారా" అంటే "రేపు పోదాంలే" అంటాడు, అంతటితో ఆగిపోతుంది.

ఆ మధ్య మావాడి సామాను తేవడానికి వెళ్లినప్పుడు హాస్టల్ ఓనర్‌తో ఈ మాటే అన్నాను. ఆధార్ జిరాక్స్ తీసుకుంటారు, అడ్వాన్సు తీసుకుంటారు, అమ్మానాన్నల నంబర్లు తీసుకుంటారు, ఆ నంబర్లకి అద్దె ఆలస్యమైతే తప్ప ఫోన్ చేయరు. ఆయన చిరాకు పడలేదు. "ఇంతమందిల ఎవరికి పన్ను నొప్పో, ఎవరికి గొంతు నొప్పో నేనెట్ల జూస్త మేడం" అన్నాడు. నిజమే, ఆయన వార్డెన్ కాదు, వ్యాపారి. అయితే వరసగా రెండు పూటలు తినడానికి రానివాడు ఎవరో వంటామెకి తెలుస్తుంది కదా, ఒకసారి ఆ రూము తలుపు కొట్టి చూడమని చెప్పండి, నోరు తెరవలేకపోతేనో వణుకుతుంటేనో ఇంటికి ఫోన్ చేయండి, అంతే అన్నాను. వంటామె అక్కడే ఉల్లిగడ్డలు కోస్తోంది. తినకపోతే నాకెందుకు తెలువదు, అన్నం మిగుల్తది గదా అంది. ఓనర్ నవ్వి సరేలెమ్మన్నాడు. ఎవరైనా ఊరికి పోయి తినకపోతే కూడా తలుపు కొట్టాల్నా అని అడిగాడు. కొట్టండి, తాళం ఉంటే వెనక్కి రండి అన్నాను.